రెండు చప్పట్లు

ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుందంటోంది తెర. గోడ గడియారంలో నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ. ఐదింటికి ఫైళ్ళు దాచిపెట్టే ఆ కంపెనీ దుకాణం కట్టేస్తుంది, అక్కడ దాచుకున్నవాళ్ళ ఫైళ్ళన్నీ ఒక్కసారిగా తుడిచేస్తుంది, ముందే మూడుసార్లు మెయిలు పెట్టామంటుంది, నిజమే, పెట్టారు, మూడూ అక్క పేరు మీదే వచ్చాయి, అక్క పోయి నాలుగు నెలలైంది. నలభై ఒక్క ఫైళ్ళు, ఒక్కొక్కటి గంట, అన్నీ అక్క గొంతే. ఈ వేగంతో అయితే పన్నెండో పదమూడో దిగేసరికి ఐదవుతుంది, మిగతా అక్క పోతుంది. మిగతా అక్క, అని ఎంత మామూలుగా అనుకున్నానో చూడు, మిగతా కూరగాయలు రేపు తెచ్చుకోవచ్చు అన్నట్టు. నాలుగు నెలలుగా నాకు అన్నీ ఇలాగే నడుస్తున్నాయి. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుంది, ఉందని తెలుస్తుంది, మనదనిపించదు, అలా. కుర్చీ ఆమెది, ఎత్తు బాగా తగ్గించి ఉంది, నా మోకాళ్ళు బల్లకు తగులుతున్నాయి. మీట నొక్కితే పైకి లేస్తుంది. నొక్కలేదు.

పొద్దున కత్తెరాయన ఫోన్ చెయ్యకపోతే ఈ గది తలుపు ఇవాళ కూడా తెరిచేవాణ్ణి కాదు. కత్తెరాయన అని పేరు పెట్టింది అక్కే. బడిలో పాఠాలు చెప్పడం మానేశాక అక్క చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేది, ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చుని ఆయన వాటిని కోసి శుభ్రం చేసేవాడు. ఎనిమిదేళ్ళు కలిసి పనిచేశారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చదువుతుండగా తప్పు దొర్లితే అక్క రెండు చప్పట్లు కొట్టి, ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి చదివేది. ఆ చప్పుడు ఆయన తెర మీద రెండు నిలువు గీతలుగా లేచి కనిపిస్తుందట, గంటంతా వినక్కర్లేకుండా సరాసరి అక్కడికి వెళ్ళి తప్పును కోసేయొచ్చట. గోడకవతల నా గదిలో నాకు ఆ చప్పట్లు వినిపించేవి. ఎవరికక్కా సన్మానం అని అక్కణ్ణుంచి అరిచేవాణ్ణి. దానికి కూడా మళ్ళీ రెండు చప్పట్లు కొట్టాల్సి వచ్చేది పాపం. పొద్దున ఆయన అన్నాడు, సార్, కొయ్యని పుస్తకం ఒకటి మిగిలిపోయింది, భౌతికశాస్త్రం, మధ్యలో సిలబస్ మారి ఆ పుస్తకమే తీసేశారు, అందుకని నేను ముట్టుకోలేదు, అందులో ఆవిడ నవ్వుతారు, దగ్గుతారు, మీ గొంతు కూడా ఉంటుంది సార్. మా లాగిన్లు తీసేశారు, మీ ఇంట్లో ఆవిడ మెషీన్‌లో ఇంకా తెరుచుకునే ఉంటుంది. సాయంత్రం ఐదు వరకే. సరేనండి, థాంక్సండి, అన్నాను. అని మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి వాళ్ళు కారు కడుక్కోవడం చూశాను.

నా మెషీన్‌లో దింపుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. పాస్‌వర్డు తెలియదు. మార్చాలంటే అంకెలు ఆమె ఫోనుకి వస్తాయి. ఆ నంబరు వారం తిరక్కుండానే నేనే రద్దు చేయించాను, చాలా క్రమశిక్షణగా, ఒక కాగితం మీద చెయ్యాల్సిన పనులన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ, ఆసుపత్రి పత్రాలు, బ్యాంకు, ఫోను. ఎంత ధైర్యంగా ఉన్నాడో అన్నారు చూసినవాళ్ళు. కాబట్టి ఈ మెషీనే దిక్కు. దీనికి నేను పెట్టిన పేరు నత్త. పదకొండేళ్ళ పాతది, పంకా రొదపెడుతుంది, అందుకే అక్క దాన్ని బల్ల కింద దుప్పటి కప్పి ఉంచేది. గోడలకు గుడ్ల అట్టలు అంటించింది, కిటికీకి పాత బొంత మేకులు కొట్టి వేలాడదీసింది, మైకుకి నా మేజోడు తొడిగింది, ఉతికిందే లే అంది. తలుపు బయట ఎర్ర బల్బు. అది వెలిగితే ఎవరూ తలుపు తట్టకూడదు. ఎవరూ అంటే నేనే, ఇంట్లో ఉన్నది ఇద్దరమే, ఆమె పెళ్ళి చేసుకోలేదు, నాది నిలవలేదు. లోపలికి వస్తూ చీకట్లో గోడ మీద తడిమితే ముందు ఆ ఎర్ర బల్బు స్విచ్చే తగిలింది. వెలిగింది. అలాగే వదిలేశాను.

సరే, పని చూద్దాం. తప్పులు పట్టడం నా వృత్తి, ఎవరో రాసిన సాఫ్ట్‌వేరుని పట్టుకుని ఇరవై ఆరేళ్ళుగా అది ఎక్కడ విరుగుతుందో చూస్తున్నాను. ముందు, వెనకాల నెట్టు ఎవరు తింటున్నారో చూడాలి. చూశాను. సిస్టమ్ తనంతట తాను అప్‌డేట్లు లాక్కుంటోంది, నాలుగు నెలలు ఆకలితో పడుకుని లేచింది కదా. ఆపాను. వాతావరణం చూపించే బొమ్మ ఒకటి, వార్తలు చూపించేది ఒకటి, ఎవరూ అడగని ఫొటోలు ఎక్కడికో పంపేది ఒకటి, అన్నీ ఆపాను. వాతావరణం బొమ్మలో ఆమె పెట్టుకున్న ఊరు మా ఊరు కాదు. నేను ఉద్యోగం మీద ఆర్నెల్లు ఉండొచ్చిన ఊరు. నేను తిరిగొచ్చి ఆరేళ్ళయింది, ఇది ఇంకా అక్కడ వాన పడుతుందా లేదా అని చూస్తూనే ఉంది. దాన్ని కూడా ఆపాను. మూడు గంటల పన్నెండు నిమిషాలు, అంది తెర. గడియారం నాలుగూ మూడు. అంటే ఏమీ మారలేదు, గడిచిన కాలమే తగ్గింది.

తరవాత చిరునామాల సర్వరు మార్చాను, తెర మీద ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి పాత జ్ఞాపకాలన్నీ కడిగెయ్యమని ఆజ్ఞ ఇచ్చాను, విజయవంతంగా కడిగేశాను అని తెల్ల అక్షరాల్లో జవాబిచ్చింది. నెట్‌వర్క్ కార్డు కరెంటు ఆదా చెయ్యకూడదని టిక్కు తీసేశాను. సిస్టమ్ తన కోసం ఇరవై శాతం వేగం దాచుకుంటుంది, అది లాగేసుకుంటే పరిగెడుతుంది అని ఇంటర్నెట్‌లో ఓ గుంపు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు, అది ఉత్త పుకారని నాకు తెలుసు, ఆఫీసులో కుర్రాళ్ళు చెబితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు అదీ మార్చాను. ఆసుపత్రిలో చివరి రెండు రోజులూ ఇంతే, ఎవరేం చెబితే అది, తలగడ ఇటు పెట్టమంటే ఇటు, నీళ్ళు కొంచెం వెచ్చగా ఇమ్మంటే వెచ్చగా. ఆమె మాత్రం మంచానికి తగిలించిన అట్ట మీద కాగితాన్ని బయటికి చదువుతూ కూర్చుంది. అది ఆమె అలవాటు, కంటపడిన ప్రతి అక్షరాన్నీ గొంతు పెట్టి చదవాల్సిందే. మందు సీసా మీద రాతలు, లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో, తలుపు మీద లాగుము, నెట్టుము. బయటికి వెళితే నాకు తల కొట్టేసినట్టుండేది. మనసులో చదువుకో అక్కా, నీకు కళ్ళున్నాయి, నాకూ ఉన్నాయి, అనేవాణ్ణి. పల్స్ ఎనభై నాలుగు, అని చదివింది కాగితం మీంచి. సంతకం, కింద గీత, బొమ్మ ముగిసింది. పుస్తకంలో బొమ్మ వచ్చినప్పుడు దాన్ని మాటల్లో వర్ణించి చివర బొమ్మ ముగిసింది అనాలి, వాళ్ళ పద్ధతి అది. నేను నవ్వలేదు. డాక్టరు ఎప్పుడొస్తాడా అని తలుపు వైపు చూస్తున్నాను.

నాలుగూ పదిహేను. మూడో ఫైలు దిగింది. నాలుగోది దిగుతోంది, నీలం గీత కదులుతోందో లేదో తెలియడానికి దాని పక్కన వేలు పెట్టి చూడాల్సి వస్తోంది. ఇంటర్నెట్ వాళ్ళకు ఫోన్ చేశాను. పాట, పాట, తరవాత ఒక అమ్మాయి.

"మా వైపు నుంచి లైన్ అంతా బాగానే ఉంది సార్. మీ మెషీన్‌లోనే ఏదో సెట్టింగ్ ఉండొచ్చు. కనెక్షన్ మేడమ్ గారి పేరు మీద ఉంది, ఒకసారి మేడమ్‌తో మాట్లాడొచ్చా సార్?"

"మేడమ్ లేరు."

"ఎప్పుడొస్తారు సార్?"

"కనుక్కుని చెప్తానమ్మా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇంకేమైనా సహాయం కావాలా సార్ అంది, వద్దన్నాను, ఈ కాల్‌కి ఎన్ని స్టార్లిస్తారు అంది, ఐదు ఇచ్చాను, ఆ పిల్ల తప్పేముంది.

లేచి నా గదికి వెళ్ళి నా మెషీన్‌లో వేగం కొలిచాను. తొంభై ఆరు. తిరిగొచ్చి ఇక్కడ కొలిచాను. తొమ్మిది. ఒకే ఇల్లు, ఒకే తీగ, గోడకటు తొంభై ఆరు, ఇటు తొమ్మిది. నత్త కాబట్టి అంతేలే అని ఏడాదిన్నరగా నేను అనుకుంటూ వచ్చిందీ, ఆమె చెబుతూ వచ్చిందీ అదే, నాదంతేరా, ముసల్దయింది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి వెళ్తాయి. నిజంగానే రాత్రంతా మెషీను వదిలేసి పడుకునేది, పంకా రొద గోడలోంచి వస్తే నేను విసుక్కునేవాణ్ణి. కొత్తది కొనిస్తానక్కా అంటే దీనికి నా చెయ్యి అలవాటు అనేది. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టేవాణ్ణి, పక్కగదిలో మెషీను ఎందుకు నెమ్మదిగా ఉందో ఒక్కసారి కుర్చీ లాక్కుని చూడలేదు. పాత మెషీను ఏదైనా పాతబడి తొమ్మిది దగ్గర ఆగదు. ఎవరో ఆపితేనే ఆగుతుంది. అంత కచ్చితంగా ఒకచోట ఆగిందంటే ఎక్కడో ఒక అంకె పెట్టి ఉంటుంది. ఈ మాట నాకు ఏడాదిన్నర కిందటే తట్టి ఉండాల్సింది.

ఏడాదిన్నర అని లెక్క ఎందుకు గుర్తుందంటే అప్పుడు నేను అరిచాను. ఆఫీసులో పెద్దవాళ్ళందరూ తెర మీద కూర్చున్న రోజు, నా కింద పనిచేసే పదకొండుమందిని ఉంచాలా పంపాలా అని తేలుస్తున్న రోజు, నేను వాళ్ళ కోసం మాట్లాడుతుంటే నా మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయిందట, మూడుసార్లు. గోడకవతల అక్క అంతకుముందు చదివినవి పైకి పంపుతోందని తెలుసు. ఎర్ర బల్బు వెలుగుతోంది. అయినా తలుపు తోసుకుని వచ్చి అరిచాను. ఏమన్నానో సరిగ్గా గుర్తు లేదు, గుర్తులేదనే చెప్పుకుంటున్నాను. ఆ పదకొండుమందిలో నలుగురు పోయారు, అది నెట్టు వల్ల కాదు, ముందే రాసుకొచ్చారు. సాయంత్రం అక్క ఏమీ జరగనట్టు పళ్ళు కోసి గిన్నెలో పెట్టి తెచ్చింది, పెరిగిన గోళ్ళు చూసి కత్తిరించుకో అంది. ఆ తరవాత నా మొహం ఎప్పుడూ ఆగలేదు. ఇంటర్నెట్ వాళ్ళు లైను బాగుచేసుంటారు అనుకున్నాను. ఫిర్యాదు చేస్తే పని అవుతుంది చూశావా అని ఆమెతో అన్నాను కూడా. అవునవును అంది.

నాలుగూ ముప్పై రెండు. ఎనిమిదో ఫైలు సగంలో ఉంది. నెట్‌వర్క్ కార్డు మీద కుడి నొక్కు, లక్షణాలు, మార్పులు, అడ్వాన్స్‌డ్. పొడవాటి జాబితా, మామూలు మనిషి ఎవరూ ఇక్కడిదాకా రారు. కిందికి దిగుతూ వెళ్ళాను. స్పీడ్ అండ్ డూప్లెక్స్. మామూలుగా అక్కడ ఆటో అని ఉండాలి, తీగ ఎంత మోయగలిగితే అంత మోస్తుంది. ఇక్కడ పది అని ఉంది. పది అంటే పాతికేళ్ళ నాటి వేగం, కొలిస్తే తొమ్మిదే వస్తుంది. ఏ రిపేరువాడో, బుద్ధి లేనివాడు, ఏదో పరీక్ష కోసం పెట్టి మళ్ళీ మార్చడం మరిచిపోయాడు. వాడి మీద కోపం వచ్చింది, చాలాకాలానికి వచ్చిన కోపం, వచ్చినందుకు కొంచెం హాయిగా కూడా ఉంది. ఆటో మీదికి తీసుకెళ్ళి, సరే అనే మీట మీద వేలు పెట్టి ఆగిపోయాను. ఇది మారిస్తే కనెక్షన్ ఒక్క క్షణం తెగుతుంది. తెగి మళ్ళీ కలిసినప్పుడు ఆ సైటు మీరెవరు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, పాస్‌వర్డు లేదు, ఫోను లేదు. మార్చకపోతే ఐదు లోపల ఇంకో ఐదో ఆరో దిగుతాయి, ఖాయంగా. మార్చాక మళ్ళీ కలిస్తే అన్నీ, కలవకపోతే ఈ ఏడే. ఆసుపత్రిలో ఇలాంటి కాగితమే ఇచ్చారు, ఆపరేషను చేస్తే ఇలా, చెయ్యకపోతే ఇలా, అప్పుడు పెన్ను అడిగి తీసుకుని చక్కగా సంతకం పెట్టాను. నొక్కాను.

తెర కింద మూలన చిన్న ఎర్ర గుర్తు పడింది. నీలం గీత ఆగిపోయింది. విఫలమైంది, అంది. పంకా రొద తప్ప గదిలో ఏమీ లేదు, గుడ్ల అట్టలు ఉన్న చప్పుణ్ణి కూడా మింగేస్తాయి. ఒకటి, రెండు, మూడు, అంకెలు బయటికే లెక్కపెడుతున్నానని తొమ్మిది దగ్గర తెలిసింది. పదకొండు దగ్గర ఎర్ర గుర్తు పోయింది. మళ్ళీ ప్రయత్నించు అని ఉన్నచోట నొక్కాను. గీత ఉన్నచోటి నుంచే కదిలింది. ఎవరు నువ్వు అని అడగలేదు. కదలడం కాదు, పరిగెత్తింది, ఎనిమిది, తొమ్మిది, పది, ఒక్కొక్కటి అర నిమిషం, నత్త బతుకులో ఎప్పుడూ అంత వేగం చూసి ఉండదు. పద్నాలుగు నిమిషాలు మిగిలాయంది తెర. నేనేమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చున్నాను. ముప్పై, ముప్పై ఒకటి. నాలుగూ యాభై రెండుకి నలభై ఒకటోది కూడా దిగింది. గెలిచినవాడికి ఏదో అనిపించాలి. దప్పికేసింది, అంతే. బల్ల మీద ఆమె గ్లాసు బోర్లించి ఉంది.

ఫైళ్ళ పేర్లన్నీ తేదీలే. నేను అరిచిన తేదీ నాకు తెలుసు, ఆ నలుగురి ఉద్యోగాలు పోయిన తేదీ అది. ఎంత గట్టిగా అరిచానో వినాలనిపించింది. అది వింటే ఏమైనా తగులుతుందేమో, సూది వేసిన చెంపని లోపల్నుంచి కొరికి చూసుకుంటాం కదా. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కాను. పేజీ నూట పన్నెండు, అంది అక్క, చెవి పక్కనే కూర్చుని. మంచు నీటి మీద ఎందుకు తేలుతుంది. కొంచెం ముందుకు జరిపాను, ఇంకొంచెం, మంచు కొండ బొమ్మని వర్ణించి బొమ్మ ముగిసింది అంటుండగా తలుపు చప్పుడు, నా గొంతు.

"నీకొక్కదానికే కావాలా అక్కా నెట్టు? అవతల పదకొండుమంది బతుకులు పోతున్నాయి, ఇక్కడ నువ్వు ఎవరూ వినని పుస్తకాలు చదువుకుంటూ కూర్చో!"

తలుపు దబ్బున పడింది. ఎవరూ వినని పుస్తకాలు. అన్నాను, అదే అన్నాను. తరవాత ఆమె ఊపిరి, మేజోడు మీద పడే ఊపిరి. కుర్చీ కిర్రుమంది. మౌస్ నొక్కులు. అప్పుడు మళ్ళీ ఆమె గొంతు, పాఠం చదివే గొంతే, మెల్లగా, కంటపడినవన్నీ చదువుకుంటూ.

"నెట్‌వర్క్... లక్షణాలు. మార్పులు. అడ్వాన్స్‌డ్... ఇదేనా మొన్న వీడియోలో చెప్పింది... స్పీడ్ అండ్ డూప్లెక్స్. ఆటో. వంద. పది." ఒక నొక్కు. "పది చాల్లే నాకు. వాడికుండనీ మిగతాది."

ఇంకో నొక్కు. గ్లాసు తీసి నీళ్ళు తాగిన చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు. గొంతు సవరించుకుంది. రెండు చప్పట్లు కొట్టింది. పేజీ నూట పన్నెండు, అంది, మొదటి పేరా, మంచు నీటి మీద ఎందుకు తేలుతుంది, అని ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టింది, నేను అరిచిన చోట కత్తెరాయన కోసం గుర్తు పెట్టేసి. ఆయన కొయ్యలేదు. నా దగ్గర ఉంది ఇప్పుడు, మొత్తం.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను, చిన్నగా ఆమె చదువుతూనే ఉంది అందులో. ఐదయింది. ఆ కంపెనీ పేజీ దానంతటదే తెల్లబడిపోయింది. నెట్‌వర్క్, లక్షణాలు, అడ్వాన్స్‌డ్, అదే దారిలో వెనక్కి వెళ్ళి ఆటో తీసేసి పది పెట్టాను. ఎందుకంటే చెప్పలేను, ఈ గదిలో ఇంక దిగాల్సింది ఏమీ లేదు. తలుపు అవతల ఎర్ర బల్బు వెలుగు కింద సందులోంచి నేల మీద పడుతోంది, ఎవరూ రారు. చెంప తడిగా ఉందని చేత్తో ముట్టుకుంటే తెలిసింది, నా చెంపే. అక్కా, అన్నాను, మైకు ఆపి ఉన్నా సరే దాని దగ్గరికి వంగి, తప్పు చదివాను అక్కా. రెండు చప్పట్లు కొట్టాను.